డిస్కు చెడినదా, వైరస్ పట్టినదా?

వేరుశనగ మొక్క వాడినపుడు తెలిసిన రైతు వెంటనే మందు కొట్టడు. మొక్కను పెరికి వేరు చూచును. 2000 సంవత్సరమున అనంతపురము జిల్లాలో 2 లక్షల హెక్టార్లకు మించి పైరును చెరచిన కాండముకుళ్లు తెగులు వైరస్ వలన వచ్చినది. దానికి బూజుమందులు పనిచేయవు. కారణ మెరుగని వైద్యము ఖర్చునకే.

సంఘము కంప్యూటరు విషయమున ఈ వివేకము కానరాదు. యంత్రము నిలిచిన తోడనే వైరస్ పట్టినదందురు. పట్టణమునుండి వచ్చినవాడు డిస్కును ఫార్మాటు చేయును. యంత్రము నడచును గాని ఎరువుల స్టాకు, విత్తనముల జాబితా, స్కాను చేసిన పత్రములు పోవును. దీనిని మరమ్మతనుటకు మే మొప్పుకొనము.

వైరస్ సాధారణముగా డిస్కులోని వ్రాతను చెరచునే గాని ఇనుమును చెరపదు. లోపల టక్కుటక్కుమను చప్పుడు, ఒక్క ఫైలు తెరచుటకు నిమిషములు పట్టుట డిస్కు చెడుచున్న గుర్తులు. ఎండ, ధూళి, హెచ్చుతగ్గుల కరెంటు అందుకు చాలును. ఫైళ్ల పేర్ల తోకలు మారుట, సొమ్మడుగు ప్రకటన తెరపై నిలుచుట వైరస్ పని. సందేహమైనచో వేరొక మంచి కంప్యూటరులో సిద్ధపరచిన పెన్‌డ్రైవునుండి లినక్సు నడిపి చూడవలెను. తీగె మార్చినను డిస్కు కనబడకున్నచో దోషము చాలవరకు డిస్కుదే.

చెడుచున్న డిస్కుపై గంటలకొలది వైరస్ శోధన నడుపుట ఒరిగిన మిద్దెపై మూట లెక్కించుటయే. ముందుగా క్రొత్త డిస్కునకు నకలు తీసి, శోధన ఆ నకలుపై జరుపవలెను. చప్పుడు హెచ్చినచో కరెంటు ఆపి నిపుణునికి చూపవలెను. మరల మరల వెలిగించి చూచుట తగదు.

సొమ్మడుగు వైరస్ దూరపు కథ కాదు. 2017 మేలో వన్నాక్రై మన రాష్ట్రపు పోలీసు కంప్యూటర్లకే సోకెను. 2024 జూలైలో సి-ఎడ్జ్ కంపెనీకి అట్టిది సోకగా సుమారు 300 చిన్న సహకార, గ్రామీణ బ్యాంకుల చెల్లింపులు నిలిచెను. అట్టిది కనబడిన నెట్టు తీగె పీకి 1930 నంబరునకు తెలుపవలెను. సొమ్ము కట్టరాదు; కట్టినను ఫైళ్లు వచ్చునను పూచీ లేదు.

గాండ్లపెంట ప్రాంతపు పాలకవర్గముల వారిని మేము కోరునది స్వల్పము. రెండు బయటి డిస్కులు కొనుటకు వచ్చు సమావేశముననే తీర్మానింపుడు. వారమునకొకసారి నకలు తీసి, ఒకదానిని ఊడదీసి ఇనుపపెట్టెలోను, రెండవదానిని వేరొక ఊరిలోను ఉంచుడు. నెలకొకసారి సభ్యులయెదుట ఆ నకలునుండి ఒక ఫైలు తెరచి చూపుడు. తెరచి చూడని నకలును మేము లెక్కింపము. కాగితపు రిజిస్టరు కలదుగదా యనువారు, అందు చివరి పద్దు ఏ తేదీదో ముందు చూచి రావలెను.