నాయినమ్మ గొంతు ఒక్క పెట్టెలోనే ఎందుకుండాలె?

మన ఇంటి చరిత్ర కోసం ఇక్కడ ఇప్పటిదాకా వంశవృక్షం, పాత పెళ్ళి ఫోటోలు, ప్రాణహిత ఒడ్డు ముచ్చట్లు రాసుకుంటూ వచ్చాం. ఈసారి ఒక తప్పు గురించి రాస్తున్నాను. తప్పు నాదే. చదివిన తర్వాత మీలో ఒక్కరైనా లేచి వెళ్ళి మీ ఇంట్లో ఉన్న హార్డ్ డిస్కు ఒకసారి చూసుకుంటే రాసినందుకు ఫలం దక్కినట్టే.

మా ఇంట్లో ఒక టీబీ ఎక్స్‌టర్నల్ డిస్కు ఉండేది. అరచేతిలో పట్టేంత నల్ల డబ్బా. అందులో నాయినమ్మ చెప్పిన ముచ్చట్లు నలభై ఒక్క రికార్డింగులుగా ఉండేవి. గోదావరి మీద వంతెన లేని కాలంలో నాటు పడవల్లో కాళేశ్వరం జాతరకు పోయిన తీరు, వానకాలంలో సిరొంచ చుట్టూ దారులు మూసుకుపోతే గింజలు ఎట్ల దాచుకునేవారో, బతుకమ్మకు ఏ పువ్వు తర్వాత ఏ పువ్వు పేర్చాలో, అన్నీ ఆమె గొంతులోనే. 2022 ఏప్రిల్ 13 నుంచి 24 దాకా జరిగిన ప్రాణహిత పుష్కరాలకు మనవాళ్ళంతా వచ్చినప్పటి ఫోటోలు కూడా అందులోనే. తాతల నాటి భూమి కాగితాలు, సాత్‌బారా నకళ్ళు స్కాన్ చేసి పెట్టింది కూడా అందులోనే.

పోయిన ఎండకాలం ఆ డిస్కు సుస్తీ చేసింది. ముందు ఒక ఫోల్డరు తెరవడానికి రెండు మూడు నిమిషాలు పట్టింది. ల్యాప్‌టాప్ పాతది కదా అనుకున్నాను. తర్వాత కొన్ని ఫోటోలు పైసగం మంచిగ, కిందిసగం బూడిదరంగులో కనిపించాయి. వైరస్ అనుకున్నాను. ఆ తర్వాత టిక్కు... టిక్కు... అని సప్పుడు మొదలైంది. నా మేనల్లుడు విన్నాడు. "మామా, గది ఆపెయ్. ముందు నాయినమ్మ రికార్డింగులు తీద్దాం" అన్నాడు. వాని మాట వినలేదు. విండోస్ డిస్కులో లోపం ఉంది, సరిచేయమంటారా అని అడిగితే సరే అని నొక్కి, రాత్రంతా వదిలేసి పడుకున్నాను. తెల్లారి లేచేసరికి కంప్యూటరు ఆ డిస్కును గుర్తే పట్టలేదు.

హైదరాబాదుకు పంపితే నలభై ఒక్కదాంట్లో పదిహేడు వచ్చాయి. పడవ ముచ్చట వచ్చింది. బతుకమ్మ ముచ్చట పోయింది. నాయినమ్మ లేదు కాబట్టి మళ్ళీ అడిగే దారీ లేదు.

ఇది ఒక ఇంటి బాధే అనుకోవచ్చు. కానీ మనలాంటి వాళ్ళకు ఇందులో ఇంకో సంగతి ఉంది. 1860లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు వాళ్ళకు అప్పజెప్పాడు. అప్పుడు సిరొంచ అప్పర్ గోదావరి జిల్లాకు కేంద్రం. 1874లో ఆ జిల్లాను రద్దు చేసి సిరొంచను చాందాలో కలిపారు. 1960లో మహారాష్ట్ర ఏర్పడింది. 1982 ఆగస్టు 26న చంద్రపూర్ నుంచి విడిపోయి గడ్చిరోలి జిల్లా అయింది. పైన రాజ్యం మారినా, జిల్లా మారినా ఇంట్లో మాట మాత్రం తెలుగే. అయితే మేము చదివింది మరాఠీ మీడియం. ఆఫీసు కాగితం మరాఠీ. మన ఇళ్ళల్లో మాట్లాడే తెలుగు కరీంనగర్ తెలుగుకు దగ్గర, మధ్యమధ్యల మరాఠీ, ఆ పక్కన గోండి మాటల సువాసన. ఇట్లాంటి తెలుగు హైదరాబాదు పుస్తకాల్లో దొరకదు, ముంబయి ఆఫీసుల్లో అంతకన్నా దొరకదు. దాన్ని దాచింది నాయినమ్మలే. ఇప్పుడు ఆ నాయినమ్మల గొంతులు మన డిస్కుల్లో ఉన్నాయి. అందుకని డిస్కు చావు లక్షణాలు తెలుసుకోవడం మనకు జ్వరం లక్షణాలు తెలుసుకున్నంత అవసరం అంటాను.

హార్డ్ డిస్కు లోపల అద్దంలాంటి పళ్ళేలు నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతుంటాయి. వాటి మీద చదివే ముల్లు ఆనకుండా, కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. అంటే తల వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండదు ఆ సందు. కింద పడ్డా, తిరుగుతుండగా గట్టిగా కదిలినా ఆ ముల్లు పళ్ళేన్ని గీరే ప్రమాదం ఉంది. గీరితే లేచిన పొడి మిగతా పళ్ళేన్ని కూడా పాడు చేస్తుంది. టిక్కు టిక్కు అనే సప్పుడు చాలాసార్లు ఆ ముల్లు తన చోటు దొరకక వెనక్కి వచ్చి మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తున్న సప్పుడు. నేను రాత్రంతా నడిపానంటే, కాలు విరిగిన మనిషిని సిరొంచ నుంచి అహేరి దాకా నడిపించినట్టు.

కాబట్టి గుర్తులు ఇవి: ఫైలు తెరవడం, కాపీ కావడం ఉన్నట్టుండి బాగా నెమ్మదించడం. కాపీ మధ్యలో ఆగిపోవడం. ఫోటోలు సగం సగం రావడం. ఫోల్డర్ల పేర్లు పిచ్చి అక్షరాలుగా మారడం. డిస్కు ఒకసారి కనబడి ఒకసారి మాయం కావడం. కొత్తగా టిక్కు సప్పుడో, గీరిన సప్పుడో, సన్నని బీప్ సప్పుడో రావడం. ఇందులో ఒక్కటి కనబడినా అనుమానించాలె.

డిస్కు తన ఆరోగ్యాన్ని తానే రాసుకునే పద్ధతి కూడా ఉంది. దాన్ని స్మార్ట్ అంటారు. విండోస్‌లో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం పెట్టుకుంటే నీలం రంగులో ఉంటే బాగున్నట్టు, పసుపు వస్తే జాగ్రత్త, ఎరుపు వస్తే చెడ్డది. ముఖ్యంగా పాడైన చోట్లను పక్కనపెట్టిన లెక్క, ఇంకా చదవలేక పెండింగులో ఉన్న చోట్ల లెక్క చూడాలె. అవి సున్నా దాటి పెరుగుతుంటే ఆలస్యం చేయొద్దు. 2007లో గూగుల్ ఇంజినీర్లు లక్షకు పైగా డిస్కుల మీద చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. సొంత తనిఖీలో మొదటి లోపం కనబడిన డిస్కు, ఏ లోపమూ కనబడని డిస్కుకన్నా, ఆ తర్వాతి 60 రోజుల్లో చెడిపోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని అందులో తేలింది. అదే అధ్యయనం ఇంకోటి కూడా చెప్పింది. చెడిపోయిన డిస్కుల్లో 56 శాతానికి పైగా, ముఖ్యమైన నాలుగు హెచ్చరికల్లో ఒక్కటి కూడా ఇవ్వకుండానే పోయాయి. అంటే పసుపు వస్తే నమ్మండి, నీలం ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి.

అనుమానం వస్తే ఏం చేయాలె? కేబులు, యూఎస్‌బీ పోర్టు ఒక్కసారి మార్చి చూడండి. కరెంటు సరిగ్గా అందకపోయినా డిస్కు టిక్కు టిక్కుమంటుంది. అది ఒక్కసారి చాలు, పదిసార్లు వద్దు. సప్పుడు లేకుండా కేవలం నెమ్మదించి ఉంటే ఇంకో మంచి డిస్కు తెచ్చి, మళ్ళీ దొరకనివి ముందు కాపీ చేయండి. గొంతులు ముందు, చేతిరాత కాగితాలు తర్వాత, ఫోటోలు ఆ తర్వాత. సినిమాలు చివరికి. నేను మొదలుపెట్టింది మొత్తం ఫోల్డరు ఒక్కసారే లాగడం. అది కూడా తప్పే. లినక్సు తెలిసిన పిల్లలుంటే జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాంతో డిస్కు మొత్తాన్ని నకలు తీయించండి. అది చదవగలిగినది ముందు తీసుకుని, మొండికేసిన చోట్లకు చివర్లో వస్తుంది. ఆ తర్వాత చేసే బాగుచేత అంతా ఆ నకలు మీదే.

టిక్కు సప్పుడు ఆగకపోతే, గీరిన సప్పుడు వస్తే మాత్రం కరెంటు తీసేయండి. మళ్ళీ పెట్టకండి. అందులో ఉన్నది విలువైనదైతే నేరుగా నిపుణుల దగ్గరికి పంపండి. ఖర్చు వేలల్లో ఉంటుంది, వస్తుందన్న హామీ ఉండదు. ఫ్రీజర్‌లో పెట్టమనేవాళ్ళు, తట్టి చూడమనేవాళ్ళు, మూత విప్పి చూద్దామనేవాళ్ళు వస్తారు. వినకండి. లోపల దుమ్ము కణం పడ్డా ఆ ముల్లుకు బండరాయే. విండోస్ సరిచేస్తానంటే వద్దనండి. ఆ సరిచేత డిస్కు మీదే రాస్తుంది, అరిగిన ముల్లుతో పని పెంచుతుంది. ఫార్మాట్ చేయమన్నా నొక్కకండి. నది ఒడ్డు ఊర్లవాళ్ళకు ఇంకో మాట: డిస్కు వరదల్లో తడిస్తే ఎండబెట్టి కరెంటు పెట్టి చూడకండి. అట్లనే నిపుణులకు ఇవ్వండి.

ఇదంతా రోగం వచ్చినాక మందు. నా అసలు వాదన వేరే ఉంది. డిస్కు చెడిపోవడం తప్పు అనను. తిరిగే యంత్రం ఏదో ఒకనాడు ఆగుతుంది. తప్పు ఏందంటే మన ఇళ్ళల్లో ఈ వస్తువులకు ఒక్కరే కాపలాదారు. "అవన్నీ వాని దగ్గర భద్రంగా ఉన్నాయి" అంటాం. 1986 ఆగస్టు గోదావరి వరదలప్పుడు పెద్దబాపు ట్రంకుపెట్టె తడిసింది. పత్రాలన్నీ దాంట్లోనే. అప్పుడు ఆడవాళ్ళంతా కలిసి కాగితాలు ఒక్కొక్కటి విప్పి మంచం మీద ఆరబెట్టారు. సిరా అలుక్కుపోయింది కానీ సగానికి పైగా చదవగలిగాం. 2022 జూలైలో మళ్ళీ వరద వచ్చినప్పుడు నేను తెలివిగా డిస్కును అటక మీద పెట్టాను. నీళ్ళ నుంచి కాపాడాను గానీ, ఇంకో ఇంట్లో ఇంకో నకలు ఉండాలన్న ఆలోచన రాలేదు. ముప్పై ఆరేళ్ళలో పెట్టె మారింది, మన బుద్ధి మారలేదు.

పెద్ద పెద్దవాళ్ళకూ ఇది జరిగింది. 1998లో పిక్సార్ కంపెనీలో టాయ్ స్టోరీ 2 సినిమా తయారవుతుండగా ఎవరో ఇచ్చిన ఒక ఆదేశంతో ఫైళ్ళు వరుసగా చెరిగిపోయాయి. బ్యాకప్ చూస్తే అది సరిగ్గా పనిచేయడం లేదు. చివరికి పసిబిడ్డ ఉండడం వల్ల ఇంటి నుంచి పనిచేస్తున్న గేలిన్ సుస్మన్ అనే ఉద్యోగిని ఇంట్లో ఉన్న నకలే ఆదుకుంది. అంత పెద్ద కంపెనీని కాపాడింది ఇంకో ఇంట్లో ఉన్న ఇంకో కాపీ.

దానికి తెలిసినవాళ్ళు చెప్పే లెక్క ఒకటుంది: మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే ఊళ్ళో. మనకు ఇది కష్టం కాదు. సిరొంచలో ఒకరు, చంద్రపూర్‌లో ఒకరు, మంచిర్యాలలోనో హైదరాబాదులోనో ఒకరు మన ఇంటివాళ్ళు ఉండనే ఉన్నారు. చెల్లాచెదురైన కుటుంబానికి ఉన్న ఒకే ఒక లాభం ఇదేనేమో, దాన్ని వాడుకుందాం.

"ఫోన్లో ఉన్నాయి కదా" అనేవాళ్ళకు: వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించిన ఫోటో, అది అసలు నకలు కాదు. "గూగుల్‌లో పెట్టిన" అనేవాళ్ళకు: మంచిదే, పెట్టండి. కానీ ఉచితంగా దొరికేది 15 జీబీనే. పైగా రెండేళ్ళు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ తీసేయవచ్చు. పెద్దాయన పోతే ఆయన ఖాతా ఎవరు తెరుస్తారు? పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు? "ఎస్‌ఎస్‌డీ కొన్న, అది సప్పుడే చేయదు" అనేవాళ్ళకు: నిజమే, పోయేటప్పుడు కూడా సప్పుడు చేయకుండా పోవచ్చు. భూమి కాగితాలు అందరి చేతుల్లో పడితే గొడవలని పెదనాయనల కాలం నుంచి ఒక భయం ఉంది. ఆ భయానికి అర్థముంది. అవి వేరే ఫోల్డరులో తాళం వేసి పెట్టుకోండి. నాయినమ్మ పాటకు తాళం ఎందుకు?

ఉగాది రోజు మనకు పంచాంగ శ్రవణం ఉంది. ఇక్కడ మరాఠీ ఇండ్లల్లో అదే రోజు గుడీ పాడ్వా. అదే పొద్దు మన ఇళ్ళల్లో డిస్కు శ్రవణం కూడా పెట్టుకుందామని నా ప్రతిపాదన. పచ్చడి తిన్నాక డిస్కు పెట్టి, సప్పుడు విని, నాలుగు ఫైళ్ళు తెరిచి చూసి, కొత్త నకలు తీసి పక్క ఊరి చుట్టానికి ఇవ్వడం. అరగంట పని, కాపీ దానంతట అదే అవుతుంది. తెరిచి చూడని నకలు ఉన్నట్టు లెక్క కాదు, ఆ మాట మరవకండి. పని పదిహేనేళ్ళ పిల్లలకు అప్పజెప్పండి. వాళ్ళకు చేత వస్తుంది, ఆ వంకన నాలుగు నిమిషాలు నాయినమ్మ మాట వింటారు.

మిగిలిన పదిహేడు రికార్డింగులు ఇప్పుడు మూడు ఇళ్ళల్లో ఉన్నాయి. మా మేనల్లుడు వాటికి పేర్లు, తేదీలు రాసి పెట్టాడు. మీ దగ్గర ఎవరి ఫోన్లోనైనా నాయినమ్మ బతుకమ్మ పేర్చుతూ మాట్లాడిన వీడియో, రెండు నిమిషాలదైనా సరే, ఉంటే పంపండి. వాట్సాప్‌లో పంపేటట్టయితే డాక్యుమెంట్‌గా పంపండి, కుదించకుండా వస్తుంది.