మత్తడి దుంకినా చెరువు నిండినట్టు కాదు! కొలుద్దాం రండి!

రాయికల్, ఇటిక్యాల, అల్లీపూర్, భూపతిపూర్, బోర్నపల్లి, చుట్టుపక్కల ఊళ్ల రైతన్నలారా, ముదిరాజ్, గంగపుత్ర సంఘాల అన్నలారా, చేపలమ్మే అక్కలారా!

వానాకాలంలో చెరువు మత్తడి దుంకితే ఊరంతా సంబరపడుతుంది. కట్ట మీద నిలబడితే కనుచూపు మేర నీళ్లే. ఈ యాసంగికి ఢోకా లేదనుకుంటాం, చేప పిల్లల్ని వదులుతాం. ఏప్రిల్, మే వచ్చేసరికి అదే చెరువులో తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకొని పైకి తేలుతాయి. ఎవరో మందు కలిపారని ఒకరినొకరు అనుమానిస్తాం. రైతు తూము ఎత్తాడని మత్స్యకారుడు, నీళ్లు వదలనివ్వడం లేదని రైతు, ఇద్దరూ కట్ట మీదే తగువు పడతారు. ఆ తగువులో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. రికార్డులో రాసినన్ని నీళ్లు ఈ చెరువులో అసలు పడతాయా?

మన ప్రాంతానికి కాలువ నీళ్లిచ్చే శ్రీరాంసాగర్‌నే చూడండి. 1963 జులై 26న నెహ్రూ పోచంపాడులో శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టును 112 టీఎంసీల నిల్వకు రూపొందించారు. తర్వాత కొలిస్తే 90.3 టీఎంసీలని తేలింది. ఇటీవలి సర్వే లెక్క 80.5. పూర్తి నీటిమట్టం మాత్రం అప్పుడూ ఇప్పుడూ 1,091 అడుగులే. గేటు దగ్గర గుర్తు మారలేదు, ప్రాజెక్టు నిండిందన్న వార్తా మారలేదు. 31 టీఎంసీలకు పైగా చోటును మాత్రం గోదావరి తెచ్చిన ఒండ్రు ఆక్రమించింది. అంటే నాలుగో వంతు కంటే ఎక్కువే. అంత పెద్ద జలాశయం సంగతి కొలిచారు కాబట్టి బయటపడింది. మరి మన ఊరి చెరువును చివరిసారి ఎవరు కొలిచారు? ఆ లెక్క ఏ ఆఫీసులో ఉంది?

ఒక చిన్న లెక్క వేద్దాం. 50 ఎకరాల చెరువు ఉందనుకోండి. కట్టిన నాడు సగటు లోతు 8 అడుగులు. ఎకరా మీద అడుగు లోతు నీళ్లుంటే 43,560 ఘనపుటడుగులు, అంటే సుమారు 12.33 లక్షల లీటర్లు. ఆ లెక్కన చెరువులో 400 ఎకరా-అడుగుల నీళ్లు. ఇప్పుడు సగటున రెండడుగుల పూడిక పేరుకుంటే 100 ఎకరా-అడుగులు పోయినట్టే. అది 12 కోట్ల లీటర్లకు పైమాట. అయినా చెరువు నిండిన రోజున పైన నీళ్లు పరుచుకునే జాగా అదే 50 ఎకరాలు. కట్ట మీది నుంచి చూసేవారికి రవ్వంత తేడా కనబడదు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. 2016-17 నుంచి ప్రభుత్వం చెరువులకు ఉచితంగా చేప పిల్లలు ఇస్తోంది. బొచ్చె, రవ్వు, మోసు, బంగారుతీగ మన సంఘాలకు వస్తున్నాయి. ఆ పథకం మేలు చేసింది, దాన్ని తప్పు పట్టడం లేదు. కానీ ఏ చెరువుకు ఎన్ని పిల్లలన్నది నీటి విస్తీర్ణం చూసి లెక్క వేస్తారు. పూడిక విస్తీర్ణాన్ని తగ్గించదు, లోతును తింటుంది. కాబట్టి కాగితం మీద చెరువు ఎప్పటికీ కొత్తదే. నీళ్లు తగ్గినా పిల్లల సంఖ్య తగ్గదు. పైగా పూడిక ఎక్కువగా చేరేది లోతట్టు జాగాలోనే. తూము మట్టానికి దిగువన, తూములోంచి బయటికి పోని ఆ అడుగు నీళ్లే ఎండాకాలంలో చేపకు దిక్కు. ముందు పూడేది అదే!

మే నెల ఎండకు నీళ్లు ఆవిరై ఒక అడుగు మేర దిగిపోతాయి. ఆరడుగుల లోతున్న చోట ఆ అడుగు లెక్కలోకి రాదు. రెండడుగులే మిగిలిన చోట అది సగం చెరువు. నీళ్లు వేడెక్కిన కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. రాత్రంతా చేపా నాచూ రెండూ దాన్నే పీలుస్తాయి. అందుకే చావు తెల్లవారుజామున వస్తుంది. విషం అక్కర్లేదు, నీళ్లు చాలకపోతే సరిపోతుంది.

ఇళ్లలో అద్దాల తొట్టెల్లో రంగు చేపలు పెంచుతున్న తమ్ముళ్లకు ఈ సంగతి తొందరగా అర్థమవుతుంది. జగిత్యాలలోనో కోరుట్లలోనో రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి కొంటే 56 లీటర్లదంటారు. అది బయటి కొలత. 5 మిల్లీమీటర్ల అద్దం మందం తీసేస్తే 53. అడుగున రెండంగుళాల గులకరాళ్లు పోసి, పైన అంగుళంన్నర ఖాళీ ఉంచితే మిగిలేవి 37 లీటర్ల చిల్లర. 56 లీటర్లని నమ్మి చేపలు వేస్తే ఇరుకు, మందు కలిపితే మోతాదు మించిపోతుంది. చెరువుకు సున్నం, మందులు చల్లేటప్పుడూ ఇదే పొరపాటు జరుగుతోంది.

కాబట్టి ఈ ఎండాకాలం మన చెరువును మనమే కొలుద్దాం. ఇంజినీరు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. చెరువు వెనక్కి పోయి శిఖం బయటపడినప్పుడు పని సులువు. మేస్త్రీల దగ్గర ఉండే లెవల్ పైపు చాలు. మత్తడి మట్టాన్ని ఆ పైపుతో గుంజల మీదికి తెచ్చి గీత పెట్టండి. ఆ గీత నుంచి నేల దాకా ఎంత ఉంటే అక్కడ అంత లోతు. కట్టకు అడ్డంగా వరుసలు వేసుకుంటూ, ప్రతి యాభై అడుగులకు ఒకచోట కొలవండి. నీళ్లున్న చోట తెప్ప మీద వెళ్లి, అడుగుకో ముడి వేసిన తాడుకు రాయి కట్టి దించండి. ఆ నీళ్లు మత్తడికి ఎన్ని అడుగులు కిందికి ఉన్నాయో అది కలపండి. ఈత వచ్చిన పెద్దవాళ్లే తెప్ప ఎక్కాలి, పిల్లలు ఒడ్డున ఉండి పుస్తకంలో రాయాలి. డిగ్రీ చదివే పిల్లలకు ఇంతకంటే మంచి ప్రాక్టికల్ దొరకదు.

ఒక జాగ్రత్త. తూము ముందు పన్నెండడుగులు వచ్చిందని దాన్నే ఎకరాలతో గుణించొద్దు. కట్ట వైపు లోతు, శిఖం వైపు పోనుపోను సున్నా. ఒకే వాలున్న చెరువైతే ఆ గుణకారంలో సగమే నిజం. అన్ని వైపుల నుంచీ మధ్యకు వాలితే మూడో వంతే. అందుకే అన్ని చోట్లా కొలిచి సగటు తీయాలి.

రెండు అంకెలు తేల్చండి. మత్తడి దాకా నిండితే ఎన్ని నీళ్లు, తూము మట్టం కింద ఎన్ని నీళ్లు. మొదటిది ఆయకట్టుకు, రెండోది చేపకు. ఆ రెండింటినీ గ్రామసభలో చదవండి, తీర్మానం రాయించండి, ఒక ప్రతి ఇరిగేషన్ ఆఫీసుకు, ఒకటి మత్స్యశాఖకు ఇచ్చి రసీదు తీసుకోండి. పాత రికార్డులో ఉన్న సామర్థ్యం ఎంతో చెప్పమని అడగండి. చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబు రావాలి. 2015 మార్చి 12న సదాశివనగర్‌లో మొదలైన మిషన్ కాకతీయలో మీ చెరువు ఉంటే, ఎన్ని ఘనపు మీటర్ల పూడిక తీశారో, తీశాక ఎంత సామర్థ్యం పెరిగిందో కూడా అదే అర్జీలో అడగండి.

మత్స్యశాఖ అధికారులకు మా విన్నపం ఒక్కటే. పిల్లల సంఖ్యను నిండిన రోజు విస్తీర్ణంతో కాదు, ఏప్రిల్‌లో మిగిలే నీళ్లతో లెక్క వేయండి. తక్కువ పిల్లలిస్తే సంఘానికి నష్టమని కొందరు భయపడతారు. చచ్చి తేలిన పది వేల పిల్లల కంటే కిలో తూగిన మూడు వేల చేపలు మేలు కదా!

రైతన్నలకూ ఒక మాట. తూము దగ్గర అడుగుల గీతలతో ఒక స్తంభం నిలబెట్టి, రెండు వర్గాలూ కూర్చొని దాని మీద ఒక ఎర్రగీత వేసుకుందాం. నీళ్లు ఆ గీతకు దిగాక చెరువులో మోటార్లు పెట్టొద్దు. బదులుగా పూడిక మట్టిని పొలాలకు తోలుకొనేందుకు సంఘం సభ్యులూ చేయి కలపాలి. వంద ఘనపుటడుగులు పట్టే ట్రాలీ ఒకటి తీస్తే 2,800 లీటర్ల చోటు పెరుగుతుంది, పొలానికి బలమూ చేరుతుంది. కట్ట మొదట్లో మాత్రం గడ్డపార వేయొద్దు, ఇటుక బట్టీల కోసం గుంతలు తవ్వనివ్వొద్దు.

ప్రతి ఊరి నుంచి ఇద్దరు రైతులు, ఇద్దరు మత్స్యకారులు, లెక్కలు వచ్చిన ఒక విద్యార్థి పేర్లు రాసుకోండి. మృగశిర లోపే కొలత పూర్తి కావాలి. వాన పడ్డాక అడుగు నేల మళ్లీ కనబడదు. తాడు, రాయి, లెవల్ పైపు, ఒక నోటుపుస్తకం పట్టుకొని కట్ట మీదికి రండి!

ఇట్లు,
రాయికల్ ప్రాంత చెరువుల కింది రైతులు, మత్స్యకారులు