నీసు మానేశారు సరే... మాత్రల సంగతి?

శ్రమదినాలు వచ్చాయంటే మా ఓపీలో తరచూ వినిపించే మాట ఒకటుంది. ‘ఈస్టర్ దాకా నీసు ముట్టం డాక్టరుగారూ, షుగరు దానంతటదే దిగుతుందిలెండి’ అని. ఈ ఏడాది ఫిబ్రవరి 18న భస్మ బుధవారంతో మొదలైన ఈ కాలం ఏప్రిల్ 5న ఈస్టర్‌తో ముగుస్తుంది. నీసు మానినా షుగరు దిగనివాళ్లనే నేను ఎక్కువగా చూస్తుంటాను.

కారణం కంచంలోనే ఉంటుంది. మాంసం కూర పోయిన చోట ఇంకో రెండు గరిటెల అన్నం చేరుతుంది. పక్కన బంగాళదుంప వేపుడు, ఆవకాయ, అప్పడం. సాయంత్రం ప్రార్థన అయ్యాక బజ్జీలు. క్యాథలిక్కులకు శుక్రవారాల్లో మాంసం వద్దు గానీ చేప తినొచ్చు కాబట్టి కొన్ని ఇళ్లలో ఎండుచేపల కూర. బీపీ ఉన్నవాళ్లకు ఆ ఉప్పు ఎంత చేటో తెలిసిందే. కొవ్వు తగ్గి పీచు పెరగాలంటే మాంసం స్థానంలోకి పప్పు, కూరగాయలు రావాలి. పప్పు అంటే చారులా పలచగా కాదు. 60 కిలోల మనిషికి రోజుకు దాదాపు 50 గ్రాముల మాంసకృత్తులు కావాలి. వంద గ్రాముల పచ్చి కందిపప్పులో ఉండేది 22 గ్రాములే. శనగలు, ఉలవలు, పెరుగు, అభ్యంతరం లేనివాళ్లు గుడ్డు కూడా తీసుకోవాలి.

ఆడవాళ్ల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మాంసంలోని ఇనుము ఒంటికి పట్టినంత సులువుగా ఆకుకూరల్లోది పట్టదు. నిమ్మరసం పిండుకోండి, తిన్న గంట వరకూ టీ జోలికి వెళ్లకండి, ఐరన్ మాత్రలు ఆపకండి.

అసలు భయం మాంసం గురించి కాదు, దాంతోపాటు చేసే పస్తు గురించి. నిరుడు ఓ టీచరమ్మను మాటలు తడబడుతున్నాయని, పక్షవాతమేమోనని తీసుకొచ్చారు. చూస్తే షుగరు 38. పొద్దున గ్లిమెపిరైడ్ మాత్ర ఎప్పటిలాగే వేసుకుని సాయంత్రం దాకా ఏమీ తినలేదు. గ్లూకోజు ఎక్కించగానే తేరుకున్నారు. కానీ ఆ మందు ప్రభావం గంటల తరబడి ఉంటుంది, షుగరు మళ్లీ పడిపోవచ్చు. అందుకే రాత్రంతా వార్డులోనే ఉంచాం. ముందే ఎందుకు అడగలేదమ్మా అంటే, ‘అడిగితే ఉపవాసం వద్దంటారని’ అన్నారు.

ఇందులో మా తప్పూ ఉంది. రంజాన్‌కు ముందు ముస్లిం పేషెంట్లను మేమే అడిగి మందుల వేళలు మారుస్తాం. దానికి మార్గదర్శకాలున్నాయి. లెంట్ గురించి ఎవరం అడగం. నిజానికి జబ్బుపడినవారికి, గర్భిణులకు చర్చే మినహాయింపు ఇస్తుంది. అయినా ఉంటామనేవాళ్లు మొదలుపెట్టేముందే మందుల చీటీతో రండి. డపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లయితే తప్పకుండా రావాలి. డోసు మీ అంతట మీరు మార్చుకోవద్దు.

టీచరమ్మ ఈసారి భస్మ బుధవారానికి వారం ముందే వచ్చారు. మాత్ర మార్చాం, పస్తు మధ్యాహ్నం వరకే అని ఒప్పుకున్నారు. శుక్రవారం చేపల పులుసు తినొచ్చా అని అడిగారు. తినండి, ఎండుచేపలు మాత్రం వద్దన్నాను.