బడిలోనూ వెలివాడేనా?

ఊరికి వెలివాడ ఉంటదని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. బడికీ ఉంటదని అమెరికాలో న్యూయార్క్ నగరం చూపెట్టింది. 1940లలో అక్కడి సర్కారు కొన్ని చిన్న బడులు విడిగా తెరిచింది. మామూలు బడి 'వీడు మా వల్ల కాడు' అని నెట్టేసిన పిల్లలకు ప్రత్యేక విద్య అట! వాళ్ళకు పెట్టిన పేరు 'మనసు అదుపులో లేని పిల్లలు'.

ఇంతకీ అక్కడ తేలిందెవరు? 1975లో కేసు కోర్టుకెక్కాక లెక్క బయటపడింది. నూటికి 68 మంది నల్లవాళ్ళ పిల్లలు, 27 మంది స్పానిష్ మాట్లాడే కుటుంబాల పిల్లలు. తెల్లోళ్ళ పిల్లలకు కోపం రాదా? మనసు చెదరదా? వస్తది, చెదురుతది. వాళ్ళలో చాలామందిని సర్కారు సొమ్ముతోనే ప్రైవేటు బడులకు పంపారు. జబ్బొకటే, బడులు రెండు!

1978లో జడ్జి జాక్ వైన్‌స్టీన్ ఇది పిల్లల రాజ్యాంగ హక్కులను కాలరాయడమే అన్నాడు. 1980లో పైకోర్టు ఆ తీర్పును పక్కనబెట్టి మళ్ళీ విచారించమంది. పేదల కేసు గదా, తిరగాల్సిందే.

ప్రత్యేక బడి వద్దని మేం అనడం లేదు. చెవులు వినపడని పిల్లకు సైగల భాష తెలిసిన పంతులు కావాలి. కానీ ఎదురు ప్రశ్న వేసిన పిల్లోడు ఒక ఇంట పుడితే చురుకైనోడు, ఇంకో ఇంట పుడితే రోగిష్టోడా?

మన పిల్లల్ని 'మొద్దు' అని వెనక బెంచీకి తోసే పంతుళ్ళు మనకు కొత్త కాదు. అన్నలారా, అక్కలారా! రేపు ఎవరైనా కాగితం తెచ్చి మీ బిడ్డకు వేరే బడి అంటే, వేలిముద్ర వేసే ముందు అడగండి: పరీక్ష పెట్టిందెవరు? ఏ భాషలో? మా పిల్లోణ్ణి తిరిగి ఈ బడికి తెచ్చేదెప్పుడు?