చచ్చిన పంది సర్కారుది, పోయిన పంట రైతుదా?

అమెరికాలో కేంద్ర ప్రభుత్వ భూ నిర్వహణ బ్యూరో చేతిలో సుమారు 24.5 కోట్ల ఎకరాలున్నాయి. అందులో చాలా చోట్ల, రాష్ట్రమిచ్చే లైసెన్సుతో, వేట కొత్తగా నేర్చుకునేవాడు కూడా కుందేలునో నక్కనో కొట్టవచ్చు. ఇక్కడా అడవులను అలా వేటకు తెరిస్తే పందుల బెడద తీరుతుందని కొందరంటున్నారు. మేం ఒప్పుకోం. అడవి తెరిస్తే తుపాకీ కొనగలవాడు సరదాకొస్తాడు. మొక్కజొన్న చేనుకు రాత్రి కాపలా మాత్రం రైతుకే మిగులుతుంది.

మనకు కావలసింది వేట మైదానం కాదు, చట్టం అమలు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, పంటకు ప్రమాదమైన అడవి పందిని చంపేందుకు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, అధీకృత అధికారి గానీ రాతపూర్వక అనుమతి ఇవ్వవచ్చు. కానీ దరఖాస్తు బల్లలు దాటేలోపే పంది చేను ముగిస్తుంది. విసిగిన రైతు కరెంటు తీగ కడితే పక్క చేను కూలీ ప్రాణం పోతోంది, ఒక్కోసారి కట్టినవాడిదే పోతోంది. తీగలు కట్టవద్దని రైతులందరికీ గట్టిగా చెబుతున్నాం.

అనుమతితో చంపిన పంది ప్రభుత్వ ఆస్తి అని అదే చట్టం 39వ సెక్షన్ అంటోంది. చచ్చిన పంది మీద హక్కున్న ప్రభుత్వానికి, బతికున్న పంది చేసిన నష్టం మీద బాధ్యత లేదా?

అనుమతి మండల స్థాయిలో, వారంలోపు ఇవ్వాలి. శిక్షణ పొందిన షూటర్లను ప్రభుత్వ ఖర్చుతో పంపాలి. కౌలు రైతుతో సహా సాగు చేసినవారికే పరిహారం చెల్లించాలి. ఇవి సాధించేదాకా కదులుదాం!