పాఠమప్పజెప్పుటయా, ఆశువా?

ర్యాప్ గానము నాధారముగా గొని వీడియో ఆటలు నిర్మించుట ఆరంభమై పాతికేండ్లు దాటినది. ఇవి బాలుర వినోదములేగదా యని పెద్దలు వీనిని పట్టించుకొనరు. పట్టించుకొనవలసిన విషయమనియే మేము తలచుచున్నాము. ఒక కళను ఆటగా మార్చునపుడు దేనికి మార్కులిత్తుమో దానినే బాలుడు కళయని నమ్మును. ఈ యాటలలో పెక్కులు పరుల పలుకులను పొల్లుపోకుండ అప్పజెప్పినవానికే బహుమతి నొసగుచున్నవి. ర్యాప్ విద్యకిది కేవలము విరుద్ధము.

ఆ విద్య పుట్టినచోటు చూడుడు. 1973 ఆగష్టు 11వ తేదీని న్యూయార్కు నగరపు బ్రాంక్సు ప్రాంతమున, సెడ్జ్విక్ అవెన్యూలోని 1520వ నంబరు భవనమున జరిగిన వేడుకను హిప్-హాప్ జన్మదినముగా జెప్పుకొందురు. అందు రికార్డులు వాయించిన కూల్ హెర్క్ జమైకానుండి వచ్చిన కుటుంబమువాడు; అప్పటికి పదునెనిమిదేండ్ల ప్రాయమువాడు. ఒకే రికార్డు ప్రతులు రెండింటిని రెండు యంత్రములపై నుంచి, డప్పులు మాత్రమే మ్రోగు ఘట్టమును మరల మరల సాగదీయు పద్ధతిని ప్రచారములోనికి దెచ్చినవాడాతడే. ఆ సాగిన తాళముపై యువకులు మైకు పుచ్చుకొని తమ వీథిని, తమ లేమిని, తమ ప్రతిభను తమ మాటలలోనే చాటిరి. ఒకని పలుకు మరియొకడు తనదిగా ఎత్తుకొనుట వారిలో నేటికిని తలవంపుగానే యెంచబడును.

జపానున మసాయా మాట్సూరా నిర్మించి 1996లో వెలువరించిన "పరప్పా ది రాపర్" ఈ మర్మమును కొంత గ్రహించినది. అందు గురువొక చరణము పలుకును. తెరపై గుర్తులు వరుసగా కనబడును. ఆటగాడు వాని ప్రకారము మీటలు నొక్కినచో ఒక్కొక్క మీటకొక్కొక్క పలుకు వెలువడును. ఉల్లిగడ్డ తలగల యుద్ధవిద్యాగురువును జూచి నవ్వనివారుండరు! చెప్పినది చెప్పినట్లు నొక్కువానికి "గుడ్" దక్కును. తాళము తప్పక తనకు దోచినరీతిని మీటలు కలిపి నొక్కువానికే "కూల్". అప్పుడు గురువు తప్పుకొనును, శిష్యుడు స్వేచ్ఛగా పాడును. ఇంతకంటె మంచి గురువెచ్చటనున్నాడు? అయినను ఆ పలుకులు మీటలలో ముందే దాచినవి. ఆటగాని నోటివి కావు.

2009లో వచ్చిన "డీజే హీరో" రికార్డు పళ్లెమును చేతికిచ్చినది గాని నోటికేమియు నీయలేదు. మరుసటియేట కోనామి సంస్థ ప్రకటించిన "డెఫ్ జామ్ రాప్‌స్టార్" మైకునే చేతికిచ్చినది. ప్రసిద్ధ గాయకుల పాటను తెరపై చదువుచు పాడవలెను. పలుకు, కాలము సరిపోయెనా యని యంత్రము పరీక్షించును. సొంత కవిత్వమునకును ఒక గది యేర్పరచిరి, నిజమే. కాని అది వసారాలోని గది. నట్టిల్లు మాత్రము అప్పజెప్పుటకే. 2012లో ఇ.ఎం.ఐ. సంస్థ ఈ నిర్మాతలపై న్యూయార్కు ఫెడరల్ కోర్టున దావా వేసి, తమకు హక్కుగల యేబదికి పైబడిన పాటలను అనుమతిలేక వాడుకొనిరని యారోపించెను. న్యాయవాద వృత్తిలోనున్న మాకిది వింతగా దోపదు. ఒక్క ర్యాప్ పాటకు రచయితలు పలువురు, పాత రికార్డులనుండి తెచ్చిన తునకలకు హక్కుదారులు వేరు, ధ్వనిముద్రణకు మరియొకరు. అందొక్కడు సంతకము చేయకున్నను వ్యవహారము కోర్టుకెక్కును. బాలుడు తన నోటితో తానల్లిన చరణమునకు ఎవరి లైసెన్సు కావలయును?

మొదటినాడే ఆశువెట్లు వచ్చునందురేమో. శతకము వల్లించుటతోనే మనవారికిని చదువారంభమగును. అచ్చటనే నిలిచినవానిని ఎవ్వరును కవియనరు. మన యవధానమున పృచ్ఛకుడు దత్తపదికి నాలుగు మాటలిచ్చును, నిషిద్ధాక్షరిలో అక్షరములను నిషేధించును. పద్యమును మాత్రము తానందింపడు. 2018లో జాక్‌బాక్స్ వారి ఐదవ సంపుటమున వచ్చిన "మ్యాడ్ వర్స్ సిటీ" ఇంచుమించు ఈ త్రోవనే నడచినది. ఆటగాండ్రు ప్రాస కుదుర్చుచు తమ చరణములను తామే వ్రాయుదురు, తోడివారు ఓట్లతో తీర్పు చెప్పుదురు. లోపమేమనగా, పాడునది మరబొమ్మ. ఆటగాడు తాళమునకు పలుకవలసిన పనియే లేదు.

కావున నిర్మాతలు ఈ రెంటిని కలుపవలెను. తాళము తప్పినదా, చరణాంతధ్వనులు కలిసినవా యను లెక్క యంత్రము చూడగలదు. అర్థమును, చమత్కారమును తోడివారి చెవులకే వదలవలెను. తెలుగున ఇట్టి ఆట నెవరైన నిర్మింపబూనినచో అంత్యప్రాస నొక్కదానినే లెక్కించు యంత్రము చాలదు. మన రెండవయక్షరపు ప్రాసను, యతిని గూడ దానికి నేర్పవలసియుండును. మొదటి మెట్టున పరుల పాట నుండనిండు. రెండవ మెట్టున సగము చరణమిచ్చి సగము విడిచిపెట్టుడు. మూడవ మెట్టున తాళము తప్ప తెరపై ఒక్క అక్షరమైనను కనబడరాదు, పెద్ద మార్కులన్నియు అచ్చటనే యుండవలెను.