చెల్లని మాట, చెల్లే బిళ్ల

2016 నవంబర్ 8 రాత్రి 500, 1000 నోట్లు చెల్లవని సర్కారు ఒక్క మాటన్నది. దేశమంతా నమ్మి బ్యాంకుల ముందర లైన్లు కట్టింది. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ఇంకో మాటన్నది: పది రూపాయల బిళ్లలు 14 రకాలున్నయి, అన్నీ చెల్లుతయని. చాలాచోట్ల ఇప్పటికీ నమ్మరు! చెల్లదంటే నమ్మిన జనం, చెల్లుతదంటే ఎందుకు నమ్మరు? ఏలినవారు ఆలోచించవలసిన ముచ్చట ఇది.

కిరాణం సేటు తీసుకోడు, ఆటో అన్న తీసుకోడు. అడిగితే 'మా దగ్గర ఎవరు తీసుకుంటరు?' అంటరు. చిల్లర లేదని చాక్లెట్ చేతుల పెడతరు. అదే చాక్లెట్ మనం తిరిగిస్తే మాత్రం చెల్లదు.

ఫోనుతోని స్కాన్ కొట్టేటోళ్లకు ఇదంతా నవ్వులాట. గంప ముందర కూసున్న కూరగాయల అవ్వకు కాదు. పది బిళ్లలు మూలకు పడితే ఆమెకు వంద రూపాయలు పోయినట్టే.

నాణేలు తీసుకోవాలని బ్యాంకులకు ఆదేశాలైతే ఉన్నయి. ప్రతి కౌంటర్ కాడ అవి అమలు కావాలని మేము అడుగుతున్నం. బ్యాంకు తీసుకుంటే సేటు తీసుకుంటడు, సేటు తీసుకుంటే అవ్వ బిళ్ల నడుస్తది. ముందుగాల సర్కారు మాట చెల్లాలె. బిళ్ల దానంతటదే చెల్లుతది.